పసిపిల్లల కేంద్రాలన్నీ విద్యాశాఖకే ఇస్తే మంచిదేనా? ఒక పాత అంగన్‌వాడీ సూపర్‌వైజర్ జవాబు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తల్లీ. మీ అమ్మ శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర అంగన్‌వాడీ కార్యకర్త. కేంద్రాన్ని ప్రాథమిక బడి ఆవరణలోకి మారుస్తామని ఆమెకు చెప్పారు. "ఎలాగూ కలుపుతున్నారు కదా, అంగన్‌వాడీలన్నిటినీ స్త్రీ, శిశు సంక్షేమ శాఖ నుంచి తీసి విద్యాశాఖ కింద పెట్టేస్తే పోదా? చాలా దేశాలు అలాగే చేశాయంటున్నారు" అని అడిగావు. మీ అమ్మ ఉద్యోగం ఏమవుతుందోనన్న బెంగ కూడా ఆ ప్రశ్నలో కనిపిస్తోంది. వయసులో పెద్దదాన్ని కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నేను 1989లో కార్యకర్తగా చేరి, తర్వాత సూపర్‌వైజర్నై, ఉద్దానం ఊళ్ళలోనూ మందస కొండల కిందా తిరిగి, 2023లో రిటైరయ్యాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అన్నీ ఒక శాఖ కిందకి రావడం నాకు ఇష్టమే. అయితే తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి ఆరేళ్ళు నిండేదాకా మొత్తం రావాలి. మూడేళ్ళ దగ్గర గీత గీసి, పైవాళ్ళని బడికి ఇచ్చి, కిందవాళ్ళని పాత శాఖకి వదిలేసే పని మాత్రం చెయ్యకూడదు. అలా చేసేకన్నా ఇప్పుడున్నట్టు ఉంచడమే నయం. మన దగ్గర కలపడం అన్నప్పుడల్లా జరుగుతున్నది ఆ గీత గీయడమే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అంగన్‌వాడీ అనగానే బయటివాళ్ళ కళ్ళకి చాప మీద కూర్చున్న పదిహేను మంది పిల్లలే కనపడతారు. మీ ఇంట్లో రోజూ చూస్తున్నావు కాబట్టి నీకు తెలుసు, మీ అమ్మ పనిలో అదొక భాగం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలని నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం, మొదలైనప్పుడు ఆరు సేవలు రాసిపెట్టారు: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, జబ్బు ముదిరితే పెద్దాసుపత్రికి పంపడం, ఆడవాళ్ళకి పోషణ గురించీ ఆరోగ్యం గురించీ చెప్పడం, మూడు దాటిన పిల్లలకి ఆటపాటలతో ప్రీస్కూలు. ఆరింటిలో చదువు ఒకటే. దానికి మూడేళ్ళ ముందు, 1972లో మీనా స్వామినాథన్ గారి అధ్యయన బృందం ఇచ్చిన నివేదికలో ఉన్నదీ ఇదే. పసిపిల్లకి తిండి ఒకరు, వైద్యం ఒకరు, ఆట ఒకరు చూస్తే కుదరదు, మూడూ ఒకచోటే అందాలని.

ఈ కలిసి ఉండటం విలువ నాకు తిత్లీ తుపానప్పుడు తెలిసొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు దారికి అడ్డంగా పడిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా సెక్టారులో ఒక కార్యకర్త సర్వే రిజిస్టరుని ఎరువుల సంచిలో చుట్టి అటక మీద పెట్టుకుంది. అందులో ఏ ఇంట్లో ఎవరికి ఎన్నో నెల, ఎవరికి రక్తం తక్కువ, ఏ బిడ్డ బరువు ఎర్రగీత కింద ఉంది, అన్నీ ఆమె చేతిరాతతో ఉన్నాయి. నేనూ, ఊళ్ళో టీకాలూ కాన్పులూ చూసే ఏఎన్ఎమ్మూ ఆ పుస్తకం పట్టుకుని నడిచే వెళ్ళి, నెలలు నిండినవాళ్ళని ముందుగా రోడ్డు మీదికి చేర్చాం. అలాంటి రిజిస్టరు ఏ బడిలోనూ ఉండదు. బడి తప్పు లేదు, బడి పని అది కాదు. రేపు మీ అమ్మ పూర్తిగా విద్యాశాఖ మనిషైపోయి, ఆమెని అడిగే అధికారి పిల్లల హాజరు ఒక్కటే అడుగుతూ పోతే, ఆ రిజిస్టరు ఎన్నాళ్ళు సరిగ్గా ఉంటుందో నువ్వే ఊహించుకో. పైవాళ్ళు ఏది అడిగితే కిందవాళ్ళు అదే చేస్తారు. మేమూ అంతే చేశాం.

ఇంకో సంగతి చాలామందికి గుర్తులేదు. అంగన్‌వాడీ, బడి, ఈ రెండు పనులూ ఒకే కప్పు కింద ఇరవై ఏళ్ళు ఉన్నాయి. 1985లో కేంద్రంలో స్త్రీ, శిశు అభివృద్ధి విభాగాన్ని ఏర్పాటు చేసి మానవ వనరుల మంత్రిత్వ శాఖలో పెట్టారు. విద్యా విభాగమూ అక్కడే ఉండేది. 2006 జనవరి 30న విడి మంత్రిత్వ శాఖ అయ్యేదాకా అంతే. నేను చేరిననాడు మా కేంద్రానికీ ప్రాథమిక బడికీ మధ్య ఒక్కటే గోడ. హెడ్మాస్టరు గారు నాతో మాట్లాడింది జెండా వందనం రోజున మాత్రమే. మా పిల్ల ఒకటో తరగతిలోకి వెళ్తే ఆ పిల్ల గురించి నన్ను అడిగినవాళ్ళు లేరు, నేనూ వెళ్ళి చెప్పలేదు. ఢిల్లీలో ఒకే బోర్డు కింద ఉన్నా మా గోడ గోడలాగే ఉంది.

చట్టం కూడా మూడేళ్ళ దగ్గరా ఆరేళ్ళ దగ్గరా ముక్కలు చేసింది. 2002లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకి చదువుని హక్కుగా ఇచ్చారు. ఆరు నిండని వాళ్ళ సంరక్షణ, విద్యకి మాత్రం ప్రభుత్వం ప్రయత్నించాలని 45వ అధికరణంలో రాశారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ మూడు దాటినవాళ్ళకి ఏర్పాట్లు చెయ్యవచ్చు అంది, చెయ్యాలి అనలేదు. మూడు లోపు వాళ్ళు అందులో లేనే లేరు. వాళ్ళకీ తల్లులకీ తిండి మాత్రం 2013 ఆహార భద్రత చట్టంతో హక్కయింది. పసిపిల్లకి రోజుకి 500 కేలరీలు, గర్భిణికి, బాలింతకి 600. ఆ తిండి అంగన్‌వాడీ నుంచే రావాలి. కాబట్టి "మొత్తం బడికి ఇచ్చేయండి" అన్నవాళ్ళని నేను ముందు అడిగేది, ఎనిమిది నెలల బాబు తిండికి రేపటి నుంచి జవాబుదారీ ఎవరు అని. బళ్ళు చూసే మండల విద్యాధికారి, ఎంఈవో గారా?

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అంది. ఇది మంచి మాట. పాఠ్యప్రణాళిక బాధ్యత విద్యాశాఖకిచ్చి, అమలుని విద్య, స్త్రీ శిశు, ఆరోగ్య, గిరిజన శాఖలు కలిసి చూడాలంది. మన రాష్ట్రంలో దాని వెనకే 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది. బళ్ళని ఆరు రకాలు చేశారు. అంగన్‌వాడీలు పీపీ-1, పీపీ-2, అంటే ఒకటో తరగతికి ముందు రెండేళ్ళ ప్రీస్కూలు, చెప్పే శాటిలైట్ ఫౌండేషన్ బళ్ళన్నారు, బడి దగ్గరున్నవాటిని ఒకటి, రెండు తరగతులతో కలిపి ఫౌండేషన్ బడి అన్నారు. మూడు, నాలుగు, ఐదు తరగతులని కిలోమీటరు లోపు హైస్కూళ్ళకి పంపారు. అప్పటికి నేను సర్వీసులోనే ఉన్నాను కాబట్టి రెండు ఊళ్ళ సంగతి చెప్తాను.

మొదటి ఊళ్ళో అంగన్‌వాడీ ముందునుంచీ బడి కాంపౌండులోనే ఉంది. అక్కడ కలపడం చాలా బాగా జరిగింది. ఒకటో తరగతి చెప్పే టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చి మా పిల్లలతో కూర్చునేది. ఆ ఏడాది జూన్‌లో ఒకటో తరగతి గదిలో ఏడుపు వినపడలేదు. ఏ పిల్లకి మాట ఆలస్యంగా వచ్చిందో, ఎవరు ఎడమచేత్తో రాస్తారో ఆ టీచరమ్మకి ముందే తెలుసు. విద్యాశాఖతో కలవడం అంటే నాకు ఇష్టమని చెప్పడానికి కారణం ఆ గదే.

రెండో ఊళ్ళో కేంద్రం రామమందిరం పక్కన అద్దె గదిలో ఉండేది. గది చిన్నది, మరుగుదొడ్డి లేదు. దాన్ని గెడ్డ (వాగు) దాటి, ముప్పావు కిలోమీటరు అవతల ఉన్న బడికి మార్చారు. గది పెద్దది, గోడల మీద బొమ్మలు, కుళాయి, అన్నీ బాగున్నాయి. మొదటి రెండు నెలలు నాలుగైదేళ్ళ పిల్లలు ఎక్కువగానే వచ్చారు. బాలింతలు మాత్రం రావడం మానేశారు. పచ్చి బాలింత గెడ్డ దాటి గుడ్డు కోసం రాదు కదా. బరువులు తూచే రోజున మూడు లోపు పిల్లల్లో సగం మందే కనపడేవారు. ఆ తర్వాత పెద్ద పిల్లలు కూడా తగ్గారు. ఎందుకో మాకు కొన్నాళ్ళదాకా అర్థం కాలేదు. నాలుగో తరగతి చదివే అక్క చెయ్యి పట్టుకుని చిన్నది బడికొచ్చేది. ఆ అక్క తరగతి హైస్కూలుకి వెళ్ళిపోయింది, చిన్నదాన్ని తీసుకొచ్చేవాళ్ళు లేరు. జీవో రాసినవాళ్ళకి ఈ అక్క తెలియదు. ఆ 117 జీవోని 2025లో పక్కన పెట్టారు, కొత్తగా మరో విభజన వచ్చింది. పీపీ-1, పీపీ-2లని బడితో కలిపే ఆలోచన అందులోనూ ఉంది.

మరాఠీలో అంగణ్ అంటే ముంగిలి. శిశువిద్య కోసం పనిచేసిన తారాబాయి మోడక్ గారు మహారాష్ట్రలోని బోర్డీ, కోస్బాడ్ ప్రాంతంలో పేద పిల్లలు బాలవాడికి, అంటే చిన్నపిల్లల బడికి, రాలేకపోతుంటే, వాళ్ళ ముంగిట్లోకే బడిని తీసుకెళ్ళారు. అక్కడి నుంచి వచ్చిన పేరు ఇది. పేరులో ఉన్నదే నా పట్టుదల. ఏ శాఖ చేతికి వెళ్ళినా కేంద్రం ముంగిలి దూరంలోనే ఉండాలి.

ఇక నువ్వు చెప్పిన ఇతర దేశాలు. న్యూజిలాండ్ 1986లో శిశు సంరక్షణని సాంఘిక సంక్షేమం నుంచి విద్యాశాఖకి మార్చింది. రెండేళ్ళలో, 1988 నుంచి ఆ టీచర్లకి మూడేళ్ళ శిక్షణ పెట్టింది. స్వీడన్ 1996లో మార్చి, 1998లో ఒకటి నుంచి ఐదేళ్ళ పిల్లలకి జాతీయ పాఠ్యప్రణాళిక తెచ్చింది. గమనించావా, మూడేళ్ళ దగ్గర గీత గీయలేదు, ఏడాది పిల్లల నుంచే తీసుకుంది. ఆ మొదటి ఏడాది సంగతేమిటంటే, అక్కడ తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజులు డబ్బుతో కూడిన సెలవు. బిడ్డ ఇంట్లో ఉంటుంది, కన్నవాళ్ళే చూసుకుంటారు. మన పలాసలో జీడిపిక్కలు వలిచే తల్లి మూడో నెలకే పనిలోకి వెళ్తుంది, చంటిది మామ్మ ఒళ్ళో ఉంటుంది. స్వీడన్ విద్యాశాఖ చేసింది మన విద్యాశాఖ చెయ్యాలంటే ఆ సెలవు లోటు ఎవరు పూడుస్తారో కూడా చెప్పాలి. దక్షిణాఫ్రికా సంగతి మనకి ఇంకా దగ్గర. మారుస్తామని 2019లో ప్రకటించి, 2022 ఏప్రిల్ 1న మార్చారు. మధ్యలో దేశమంతా తిరిగి పసిపిల్లల కేంద్రాలెన్నున్నాయో, ఎలా ఉన్నాయో గణన చేశారు. 42 వేలకు పైగా తేలాయి. దక్షిణ కొరియా 2024 జూన్‌లో ఆరోగ్య, సంక్షేమ శాఖ నుంచి విద్యాశాఖకి మార్చింది, అయినా రెండు రకాల టీచర్ల అర్హతల చిక్కు శాఖ మారగానే తీరిపోలేదు.

ఆ చిక్కు మీ అమ్మదే. అందుకని దీని మీద కొంచెం నిలుస్తాను.

బడిలో చిన్న తరగతులు చెప్పే టీచరు, ఎస్జీటీ, ప్రభుత్వ ఉద్యోగి. పక్క గదిలో మీ అమ్మ గౌరవ వేతనం మీద ఉంది. 2023లో అది కార్యకర్తకి 11,500 రూపాయలు, ఆయాకి 7,000. జీతం పెంచమనీ, గ్రాట్యుటీ ఇమ్మనీ 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు, మధ్యలో సమ్మెని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా లేవలేదు. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గుజరాత్ నుంచి వచ్చిన కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలకి, సహాయకులకి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పిచ్చింది. వాళ్ళు చట్టబద్ధమైన పనే చేస్తున్నారని కూడా అంది. ఇద్దరినీ ఒకే కాంపౌండులో కూర్చోబెట్టి, ఒకరిని టీచరనీ ఇంకొకరిని వర్కరనీ పిలుస్తూ ఉంటే, ఆ మాట పిల్లలకి కూడా తెలిసిపోతుంది. నా కళ్ళముందే ఒకచోట, బడి టీచరు సెలవు పెట్టిన రోజున ఒకటో తరగతిని మా కార్యకర్త మీద వదిలారు, మధ్యాహ్న భోజనం వడ్డించేవాళ్ళు రాకపోతే మా ఆయాని పిలిచారు. ఆ రోజుల్లో గృహసందర్శన లేదు, బరువుల్లేవు. అడిగితే "ఒకే బడి కదమ్మా" అన్నారు.

విద్యావిధానంలో ఇంటర్ అయినవాళ్ళకి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవాళ్ళకి ఏడాది డిప్లొమా అని రాశారు. మీ అమ్మ ఇంటర్ అయి ఉంటే ఆ కోర్సు పేరు వినపడగానే చేరమను. 2023 మే నుంచి పోషణ్ భీ పఢాయీ భీ (పోషణతో పాటు చదువూ) అని అంగన్‌వాడీ వాళ్ళకి శిక్షణలు నడుస్తున్నాయి, వాటికి వెళ్ళి ఉంటే ఆ హాజరు కాగితాలు దాచుకోమను. శాఖ మారితే ముందుగా చూసేది ఎవరి దగ్గర ఏ పత్రం ఉందనే. ముప్పై ఏళ్ళు చేతుల్లో పిల్లల్ని పెంచినావిడ దగ్గర పత్రం లేదని పక్కకి నెట్టేసే కలపడం నాకొద్దు. అలాగని శిక్షణ అక్కర్లేదనీ అనను. నాకు చేరినప్పుడిచ్చిన శిక్షణలో మూడేళ్ళ పిల్ల ఎలా ఆలోచిస్తుందో చెప్పినవాళ్ళు లేరు. నేను అది పిల్లల దగ్గరే నేర్చుకున్నాను, ఆలస్యంగా.

బడితో కలపడంలో నాకున్న ఇంకో భయం పలక. తల్లులే అడుగుతారు, "ఏటమ్మా, మా గుంటడికి ఇంకా ఏబీసీడీలు రానేదు, పక్కింటి గుంట వందదాకా గడగడ సెప్పేస్తంది" అని. నాలుగో ఏడు రాగానే ఆటో ఎక్కించి ప్రైవేటు ఎల్కేజీకి పంపేది అందుకే. విద్యాశాఖ అంగన్‌వాడీని తీసుకుంటే ఆ తల్లులని నిలబెట్టుకోడానికి తనూ పలక పట్టిస్తుంది, పరీక్ష పెడుతుంది, వరసలో కూర్చోబెడుతుంది. మూడేళ్ళ వేళ్ళకి పలకపుల్ల పట్టే బలం ఉండదమ్మా. చింతపిక్కలు ఏరడం, గవ్వలు గుత్తిగా పట్టుకుని ఒక్కొక్కటీ వదలడం, తాటికాయ బండి తోలడం, ఇవే రేపటి రాత. మా కార్యకర్తల్లో ఒకావిడ చింతపిక్కల్ని సగానికి అరగదీసి, తెల్ల వైపు పడ్డవెన్ని, నల్ల వైపు పడ్డవెన్ని అని ఆడించేది. నాలుగేళ్ళ పిల్లలు నోటితోనే కూడికలు చేసేవారు. ఒకటో తరగతిలో వాళ్ళకి లెక్క అంటే బెదురు లేదు. విద్యాశాఖ ఈ పద్ధతిని ఒకటి, రెండు తరగతుల్లోకి తీసుకెళ్తే, అంటే మనం బడిలా మారకుండా బడి మనలా కాస్త మారితే, అప్పుడు కలిసిన ఫలితం కనపడుతుంది.

కొండవైపు సంగతి వేరు. మందస, మెళియాపుట్టి మండలాల్లో సవర గిరిజన గూడేల పిల్లకి ఇంట్లో మాట సవర భాష. కేంద్రంలో కార్యకర్త ఆ గూడెం మనిషైతే ఏ చిక్కూ లేదు. కింద నుంచి వచ్చిన మనిషైతే మొదటి ఆరు నెలలూ పిల్ల మూగగానే కూర్చుంటుంది. మన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం గానీ ఆయన సవర బళ్ళు మర్చిపోయాం. టీచర్లని బదిలీలతో నడిపే శాఖ చేతికి గూడెం కేంద్రం వెళ్తే, ఆ గూడెం ఆడపిల్లే అక్కడ కార్యకర్తగా ఉండే ఏర్పాటు పోకూడదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇళ్ళకీ ఇదే మాట.

ఇప్పుడు మీ ఊరి పని. శాఖలు ఎప్పుడు కలుస్తాయో మన చేతుల్లో లేదు గానీ కేంద్రం మారేలోపు మీరు చెయ్యగలిగింది ఉంది. కొత్త గదిలో పొయ్యికి వేరే చోటు ఉందా, పిల్లల ఎత్తుకి మరుగుదొడ్డి ఉందా, బడి సెలవుల్లో గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. ఈ తాళం మాట తప్పకుండా అడగండి, వేసవి సెలవుల్లో పాలూ గుడ్లూ అందక నేను పడ్డ అవస్థ అదే. గర్భిణులకి, మూడు లోపు వాళ్ళకి పాత చోటనే వారానికి ఒకరోజు ఇచ్చే వీలు రాతపూర్వకంగా కావాలనండి. మీ అమ్మ రోజు నివేదిక ఎవరికివ్వాలో, ఎంఈవో, అంగన్‌వాడీల పై అధికారి సీడీపీవో ఇద్దరూ ఒకే రోజు మీటింగు పెడితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో కూడా అందులోనే రాయించుకోండి.

ఆ అర్జీ రాసేముందు ఒక పని చెయ్యి. ఊరి చివరి ఇంటి నుంచి బడిదాకా మూడేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని, దాని నడకన నడువు. వాన పడ్డ మర్నాడు నడువు. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఎత్తుకోవాల్సి వచ్చిందో రాసి, సర్పంచి చేతా ఇద్దరు తల్లుల చేతా సంతకాలు పెట్టించి అర్జీకి జతచెయ్యండి. ఒక ప్రతి మీ అమ్మ దగ్గర ఉంచుకోమను.